నేను వినని పాఠం

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నాను. ఎదురుగా కుళాయి దగ్గర ఒకమ్మాయి సీసాలో నీళ్లు పట్టుకుంటోంది. నిండాక వెంటనే తాగలేదు. చూపుడు వేలు తడిపి నాలుక కొసకు ఆనించింది. ఎడమ కన్ను మూసింది. తల ఒక పక్కకు వాల్చి, ఎవరో చెప్పేది వింటున్నట్టు కాసేపు నిలబడింది. ఆ తర్వాతే తాగింది.

నా ఒళ్లో సంచి జారి కింద పడింది. ఉల్లిపాయలు ప్లాట్‌ఫారం మీద దొర్లిపోయాయి. వాటిని ఏరుకోవాలని కూడా తోచలేదు నాకు.

అలా కన్ను మూసి నీళ్ల రుచి చూడటం నేను ఒక్క మనిషి దగ్గరే చూశాను. మా బావ దగ్గర.

బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని పిలిచాను, పెళ్లయ్యాకా అదే పిలుపు. పేరు మాత్రం అడక్కండి. మనిషి ఉండగా ఏనాడూ పలకలేదు. ఇప్పుడు పలికితే వేరెవరినో పిలిచినట్టు ఉంటుంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో ఆగి, ఇది అక్కర్లేదేమో అమ్మా అంటోంది. అన్నీ రాయమన్నాను.

ఆ పిల్ల ఉల్లిపాయలు ఏరి సంచిలో వేసి ఇచ్చింది. నేను సంచి అందుకోకుండా చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరు నేర్పారమ్మా నీకు, అలా నీళ్లు నాలుక్కి రాసుకోవడం?"

"మా సార్ అండి. బాపట్లలో మాకు చెప్పేవారు."

బండి వచ్చింది. ఇద్దరం ఒకే పెట్టెలో ఎక్కాం. ఆ పిల్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ సార్ సంగతి చెప్పాలి.

మా బావ పార్ట్‌టైం మేష్టారు. బాపట్లలో యూనివర్సిటీ వాళ్లు సముద్రం చదువు ఒకటి పెట్టారు. దానికి పొడుగాటి పేరుంది, మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగదు. మన ఒడ్డు, మన కాలవలు, మడ అడవులు, చేపలు, ఉప్పు నీళ్లు ఊళ్లలోకి ఎంత దూరం దిగుతున్నాయి, ఇవన్నీ అందులో చెబుతారు. బావకి పీరియడ్‌కి ఇంత అని ఇచ్చేవారు. మిగతా రోజుల్లో తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. మా కాపురం రేపల్లెలో. పొద్దున్నే లేచి తెనాలి బండి ఎక్కడమో, చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సు ఎక్కడమో. ఎటు వెళ్తున్నాడో కాళ్లు చూసి చెప్పేదాన్ని. బూట్లయితే తెనాలి. రబ్బరు చెప్పులయితే బాపట్ల. బాపట్ల పిల్లల్ని గదిలో కూర్చోబెట్టేవాడు కాదు, వీలైనప్పుడల్లా సూర్యలంక తీసుకుపోయేవాడు. సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలో ప్యాంటు మడతలు విప్పి ఇసక దులిపేవాడు. మా గుమ్మం ముందు ఎప్పుడూ ఒక దోసెడు సముద్రపు ఇసక ఉండేది. నేను ఊడ్చేదాన్ని, మళ్లీ తెచ్చేవాడు.

పెళ్లయిన కొత్తలో అడిగాను, పార్ట్‌టైం అంటే ఏంటి బావా అని.

"పాఠం ఫుల్‌టైమేనే. మేష్టారే పార్ట్‌టైం," అన్నాడు.

ఏప్రిల్ రాగానే ఆ ఉద్యోగం అయిపోయేది. జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో తెలిసేది కాదు. వేసవంతా రొయ్యల చెరువుల వాళ్లకి నీళ్లు పరీక్ష చేసి పెట్టేవాడు. ఆ పని ఇష్టం లేదు. పొలాల్లోకి ఉప్పు తెచ్చేదే ఈ చెరువులని తిట్టుకుంటూ వెళ్లేవాడు, తిట్టుకుంటూ వచ్చేవాడు. జూన్ పడిందంటే ఫోను చేతిలోంచి దిగేది కాదు. స్నానానికి వెళ్తూ నాకిచ్చి, మోగితే తలుపు కొట్టు అనేవాడు. ఒకసారి మోగింది. తలుపు బాదాను. నెత్తి మీద సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. తీరా ఎత్తితే ఫోను కంపెనీ వాళ్ల పాట. చంకలో తువ్వాలుతో ఆ పాట ఆఖరి దాకా విన్నాడు. "బాగానే పాడింది," అని మళ్లీ లోపలికి పోయాడు.

ఆ నాలుకతో మాకు తలవంపులే. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు ఇస్తారు కదా. గ్లాసు అందుకుని తాగకుండా వేలు ముంచేవాడు. నాలుకకు రాసుకునేవాడు. కన్ను మూసేవాడు. ఇచ్చిన వాళ్లు నీళ్లలో ఏం పడిందోనని కంగారుపడేవాళ్లు. నిజాంపట్నం దారిలో మా పిన్ని ఇల్లు కట్టుకుంది. కొత్తింటి ప్రార్థనకి పిలిచింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి ఇంకా కళ్లు తెరవలేదు, మా పిన్ని బోరు నీళ్లు తెచ్చి అల్లుడికే మొదట ఇచ్చింది.

బావ వేలు ముంచి, నాలుకకు రాసుకుని, ఎడమ కన్ను మూశాడు.

"అత్తా, ఈ బోరు కొన్నాళ్లే ఆడుతుంది. కింద ఉప్పు కదులుతోంది. వాన నీళ్లు దింపుకోవడానికి ఒక గుంట తవ్వించుకో," అన్నాడు.

"ప్రార్థన చేసిన నోళ్లు ఇంకా ఆరలేదు నాయనా. అప్పుడే ఇదేంటి?" అంది మా పిన్ని. నా వైపు తిరిగి, "ఈసారి మీ ఆయన్ని నాలుక ఇంట్లో పెట్టి రమ్మనవే," అంది.

గుంట తవ్వించలేదు. కొన్నాళ్లకి నీళ్లు ఉప్పెక్కాయి. మా పిన్ని ఇప్పటికీ ప్లాస్టిక్ డబ్బాలతో నీళ్లు కొనుక్కుంటుంది. డబ్బా ఎత్తినప్పుడల్లా మా బావనే తిట్టేది, ఉప్పు ఆయనే జేబులో తెచ్చి పోసినట్టు. బావ పోయిన రోజు ఆ పిన్నే నా పక్కన కూర్చుని, "ఇక మా నీళ్లు ఎవరు చూస్తారే," అని ఏడ్చింది.

ఇంట్లో బావ మాటలు తక్కువ మనిషి. కూరలో ఉప్పు లేకపోతే ఉప్పు డబ్బా వైపు చూసేవాడు, అంతే. నాది బొంగురు గొంతు, వాగుడు గొంతు. బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండి పెడతాను, వరసలో నిలబెట్టడానికి అరిచి అరిచి ఇంకా బొంగురుపోయింది. నేను పది మాటలంటే ఆయన ఒకటి. అలాంటి మనిషి అక్కడ గంటసేపు ఏం మాట్లాడతాడా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. ఎందుకంటే పాత పిల్లలు బస్టాండులోనో చర్చి దగ్గరో కనబడేవాళ్లు. "సార్ క్లాసులో కడుపుబ్బ నవ్వేవాళ్లమండి," అని ఒకమ్మాయి అనేది. "ఒకరోజు సార్ పాఠానికి నాకు ఏడుపొచ్చిందండి," అని మీసాలొచ్చిన మగపిల్లాడు చెప్పాడు. నా మొగుడు నవ్విస్తాడని, ఏడిపిస్తాడని ఎవరెవరికో తెలుసు. నాకు తెలియదు.

కుళ్లుకున్నాను. నిజమే చెబుతున్నాను. వేరే ఆడదాని మీద కుళ్లుకునే అవసరం బావ నాకు ఎప్పుడూ రానివ్వలేదు. ఆ బెంచీల మీద కూర్చునే పిల్లల మీద మాత్రం కుళ్లుకున్నాను.

నాకు ఉన్నది ఒక్కటే కోరిక. బావ పాఠం చెబుతుంటే వినాలి. ఒక్కసారి.

"నన్నోసారి తీసుకెళ్లు బావా. వెనక బెంచీలో కూర్చుంటాను. నోరు మెదపను."

"నువ్వా? నోరు మెదపకుండానా?"

"గుడ్డ కట్టుకుంటాలే."

"వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు అడిగితే మళ్లీ వచ్చే ఏడే. ఒకరోజు పట్టుబట్టి కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు.

"నిన్ను తీసుకెళ్లి ఎక్కడ కూర్చోబెట్టనే? నాకే కుర్చీ లేదక్కడ."

నిజంగానే లేదట. స్టాఫ్ రూములో ఎవరి కుర్చీ వాళ్లది. ఎవరైనా సెలవు పెడితే ఆ పూట వాళ్ల కుర్చీలో కూర్చునేవాడు. లేకపోతే సైకిల్ స్టాండు పక్కన చప్టా మీద. నేను కట్టిచ్చిన అన్నం అక్కడే తినేవాడు. అన్నాళ్లూ నాకు తెలియదు.

"సూర్యలంకకే వస్తాలే. ఇసకలో కుర్చీలేం ఉంటాయి?" అన్నాను.

"ముందు కాలేజీకి రావాలి కదా. అక్కడ అటెండెన్స్ తీసుకుని అందరం కలిసి బయల్దేరతాం. నిన్ను చూసి ఎవరని అడిగితే ఏమని చెప్పను? పార్ట్‌టైం సార్ భార్య అనా?"

"నేను మాత్రం ఫుల్‌టైమే బావా," అన్నాను.

అప్పుడు నవ్వాడు చూడండి. మంచం మీద పడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్లిస్తే వేలు ముంచకుండా తాగాడు, అదొక్కసారే. "పర్మనెంట్ చేస్తారంటున్నారే. కాగానే తీసుకెళ్తాను. ముందు వరసలో కూర్చోబెడతాను," అన్నాడు.

నా పులుసు మాత్రం నాకంటే ముందు వెళ్లింది.

ఆ ఏడు పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష. చేపని చూసి ఏ రకమో చెప్పాలి. బావ నిజాంపట్నం రేవుకి పోయి ఏరి ఏరి చేపలు తెచ్చాడు. చందువ ఒకటి, గొరకలు రెండో మూడో, కానాగంతలు, గులివిందలు, పొడుగ్గా నడుం పట్టీలాంటి సావిడాయి ఒకటి. కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఏదో పనుందని బయటికి పోయాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పానే అనుకునుంటాడు, అది ఆయన అలవాటు. నేను చర్చి నుంచి వచ్చి ఫ్రిజ్ తీశాను. ఇన్నాళ్లకి ఇల్లు గుర్తొచ్చిందిరా ఈ మనిషికి అని పొంగిపోయాను. అన్నీ తోమి, కోసి, మామిడికాయ ముక్కలు వేసి ఒకే గిన్నెలో పులుసు పెట్టేశాను.

సాయంత్రం బావ ఫ్రిజ్ తెరిచి దాని ముందే నిలబడిపోయాడు.

"ఏమే, ఇక్కడ కవరేది?"

"పొయ్యి మీదుంది."

"కవరా?"

"కవర్లోవి."

ఫ్రిజ్ తలుపు మూయలేదు. వచ్చి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని మూత తీశాడు. గరిటెతో అడుగు దాకా కలిపి చూశాడు. సంగతి అప్పటికి నాకూ అర్థమైంది.

"తలకాయలు వేశావా, పారేశావా?" అన్నాడు.

"తలకాయ లేకుండా పులుసేంటి బావా?"

"బతికించావు," అన్నాడు.

మర్నాడు ఆ పులుసంతా పెద్ద గిన్నెలో పోసి, మూతకి గుడ్డ కట్టి బస్సెక్కాడు. పరీక్ష అదే పెట్టాడట. ఒక్కొక్కరికి ఒక తలకాయ వడ్డించాడు. తినండి, ముళ్లూ ఎముకలూ కాగితం మీద పేర్చండి, ఏ చేపో చెప్పండి అన్నాడట. చేప తలలో చెవి దగ్గర రెండు తెల్లటి రాళ్లుంటాయి. బియ్యపు నూకంత ఒక చేపకి, కందిపప్పంత ఇంకో చేపకి. రకాన్ని బట్టి దాని రూపం. ఆ రాళ్లు చూసి పేరు చెప్పాలి. పరీక్ష చేయడానికి బయటి నుంచి వచ్చిన పెద్ద సార్ మొదట మొహం చిట్లించాడట. తర్వాత రెండోసారి వడ్డించమన్నాడట. నాటు పులుసు, ఒక రాత్రి ఊరింది మరి.

ఆ మరుసటి ఏడు పిల్లలే అడిగారు, ఈసారి పులుసు పరీక్ష ఎప్పుడు సార్ అని. అప్పట్నుంచి ఏటా వండాను. ఏ చేప ఎవరి వాటాకొస్తుందో అని నాకూ పరీక్షలాగే ఉండేది. గిన్నె పట్టుకుని బావ మెట్లు దిగుతుంటే అనేదాన్ని.

"ఆ గిన్నెకి కిటికీ పక్క సీటు దొరుకుతుంది. నాకే దొరకదు."

"వచ్చే ఏడు ఇద్దర్నీ తీసుకెళ్తాలే," అనేవాడు, వెనక్కి తిరక్కుండానే.

ఒక ఏడు నిజంగానే పర్మనెంట్ పోస్టు పడింది. బావని ఇంటర్వ్యూకి పిలిచారు. నేను చీర ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను, ఆయన సంగతి తేలకుండానే. వేరే ఊరి నుంచి వచ్చిన ఆయన్ని తీసుకున్నారు. ఆయన మంచివాడే, బాగా చదువుకున్నాడు అని బావే చెప్పాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. "పార్ట్‌టైం కొనసాగిస్తారంటలే," అన్నాడు. నేను ఆ చీర తీసి పెట్టె అడుగున పెడుతున్నాను. బావ చూశాడు.

"దాన్ని పైనే ఉంచు," అన్నాడు.

ఆ తర్వాతి వేసవిలో ఒక పొద్దున బావ మంచం మీద నుంచి లేవలేకపోయాడు. కుడి పక్క పడిపోయింది. మాట పడిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో ఉంచి, ఇంక ఇంట్లోనే చూసుకోండి అంటే తెచ్చుకున్నాం. మాటలు తక్కువ మనిషని అంటూ ఉండేదాన్ని. తక్కువ మాటలకీ అసలు మాట లేకపోవడానికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. ఉప్పు డబ్బా వైపు చూసే చూపు ఒక్కటే మిగిలింది.

జూన్ వచ్చింది. ఫోను మోగింది. బాపట్ల నుంచి.

నేను ఎత్తి హలో అన్నాను. అవతల ఆయనెవరో కొత్తాయన, "సార్, నమస్కారమండి. గొంతేంటి అలా ఉంది, జలుబు చేసిందా?" అన్నాడు.

నా గొంతు విని బావ అనుకున్నాడు. బావ మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు. కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. ఆ ఫోను కోసం ఏటా ఎలా ఎదురు చూసేవాడో నాకు తెలుసు కదా. అవునండి జలుబేనండి, సోమవారం వచ్చేస్తానండి అని ఆ గొంతుతోనే చెప్పేద్దామనిపించింది.

"నేను ఆయన ఇంటిమనిషినండి. ఆయనకి ఒంట్లో బాగాలేదండి. రాలేరండి."

"అయ్యో. అలాగేనమ్మా. ఈ ఏడు వేరే వాళ్లని చూసుకుంటాం. వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు పాపం.

ఫోను పెట్టేసి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. "పిలిచారు బావా," అన్నాను. "నిన్నే పిలిచారు." బావ ఎడమ చెయ్యి నా మోచేతి మీద వేశాడు.

"ఇప్పుడు ఖాళీయే కదా నువ్వు. కుర్చీ గొడవ లేదు, అటెండెన్స్ లేదు. నేను ఇక్కడే కూర్చుంటాను. చెప్పు నీ పాఠం."

బావ నవ్వాడు. సగం మొహమే నవ్వింది. ఎడమ చెయ్యి పైకి లేపాడు, ఏదో చూపించబోయినట్టు వేళ్లు చాపాడు. పెదాలు కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. చెమట పట్టింది. కాసేపు ప్రయత్నం చేసి, ఆ చెయ్యి అలా ఊపాడు, తర్వాత అన్నట్టు. వానలు ముగియక ముందే పోయాడు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. బండి తెనాలి దాటాక నా పక్కన సర్దుకుని కూర్చుంది. నేను ఫలానా అని చెప్పగానే లేచి నిలబడింది, కదిలే బండిలో. కూర్చో తల్లీ పడతావు అన్నాను. వాళ్లది చీరాల పక్కన పేరాలట, ఇంట్లో మగ్గాలు. రేపల్లెలో చుట్టాలింటికి పోతోంది. "మగ్గం చప్పుళ్లో పెరిగావు, నిన్ను సముద్రం హోరు ఏం చేస్తుందిలే అనేవారండి సార్," అంది. బావ పోయాక ఆ పీరియడ్లకి ఈ పిల్లని పిలుస్తున్నారు.

"నువ్వూ పార్ట్‌టైమేనా?"

"అవునమ్మా."

"కుర్చీ ఇచ్చారా?"

నవ్వింది. ఈ సంగతి నాకెలా తెలుసా అని ఆశ్చర్యపోయింది కూడా. "ఇచ్చారండి ఒకటి. దానికో చెయ్యి లేదు."

"పర్లేదు. రెండో చెయ్యి ఉంది కదా."

దిగేముందు, "గురువారం సూర్యలంకలో క్లాసుందమ్మా, రండి," అంది. నేను గబుక్కున, "ఎక్కడ కూర్చోను?" అన్నాను. ఆ పిల్లకి నా ప్రశ్న అర్థం కాలేదు. "మాతో పాటే అమ్మా, ఇసకలో," అంది.

వెళ్లాను. బడిలో వంట ఇంకో ఆవిడకి అప్పజెప్పి, పొద్దున్నే బస్సెక్కి, చెరుకుపల్లిలో మారి, బాపట్లలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో. బావ రోజూ వెళ్లిన దారి. కిటికీ పక్కనే కూర్చున్నాను.

వారం మధ్య కాబట్టి ఒడ్డున జనం లేరు. నీళ్లు వెనక్కి తీసిన వేళ, తడి ఇసక దూరం దాకా మెరుస్తోంది. పిల్లలు పది పదిహేను మంది ఉంటారు. "ఈవిడ మన పాత సార్ గారి మిసెస్," అని ఆ పిల్ల చెప్పింది.

"ఏ సార్ మేడం?" అన్నాడు ఒకడు, మంచిగానే.

"మీరు చేరకముందు సార్ రా."

వాళ్లకి బావ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఒకమ్మాయి తన చున్నీ పరిచి కూర్చోమంది. నేను ఇసకలోనే కూర్చున్నాను.

ఆ పిల్ల సంచిలోంచి బత్తాయి తీసి సముద్రంలోకి విసిరింది. అల దాన్ని ఒడ్డుకి తెచ్చేది, లోపలికి లాగేది. కాసేపు చూస్తే ఉన్న చోట లేదు, పక్కకి జరిగింది. ఇంకా జరిగింది. పిల్లలు ఒడ్డున దాని వెంట నడిచారు. కాయ ఎటు పోతోందో మన కాళ్ల కింద ఇసక కూడా అటే పోతోంది అంది. కొన్ని నెలలు అటు, కొన్ని నెలలు ఇటు. మనం కూర్చున్న ఇసక పోయినేడు వేరే ఊరి ఒడ్డున ఉందేమో, మధ్యలో ఎవరైనా గోడ కడితే ఒక ఊరికి ఇసక పేరుకుంటుంది, పక్క ఊరు కోసుకుపోతుంది అంది. బాగా చెప్పింది. నాకు అంతా అర్థమైంది. మా గుమ్మం ముందు ఇసక ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో అనుకున్నాను.

కానీ అది ఆ పిల్ల పాఠం. ఆ పిల్ల గొంతు, ఆ పిల్ల చేతులు. మాట మాటలో వెతికాను, బావ ఎక్కడా లేడు. కోపం రాలేదు. ఆకలి లాంటిది పుట్టింది. ఇంత దూరం వచ్చి, వండిన వాసన చూసి, విస్తరి ముందు నుంచి లేచిపోతున్నట్టు.

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అంది ఆఖర్న.

నేను చెయ్యెత్తాను. పిల్లలు నా వైపు తిరిగారు.

"అడగండమ్మా."

"మీ సార్ ఎలా చెప్పేవాడమ్మా? ఎక్కడ నిలబడేవాడు?"

ఆ పిల్ల చేతులకంటిన ఇసక దులుపుకుంది. తర్వాత నీళ్ల వైపు చూపించింది.

"అదిగోనమ్మా, అక్కడ. ప్యాంటు మడుచుకుని మోకాళ్ల లోతులోకి వెళ్లి, సముద్రానికి వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడేవారు. మీ మొహాలు చూడకుండా నేను చెప్పలేను అనేవారు. ఆ అలల్లో ఒడ్డున కూర్చుంటే ఒక్క ముక్క వినపడేది కాదండి. వినాలంటే మేమూ దిగాల్సిందే. ఒక్కొక్కరం దిగేవాళ్లం. అందరం తడిసిపోయేవాళ్లం. సార్ చుట్టూ చేరేవాళ్లం."

"ఎంత దగ్గరగా?"

"ఇదిగో, మీరూ నేనూ ఉన్నంత."

లేచాను. చెప్పులు విడిచి కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. మోకాళ్ల దాకా వచ్చాక ఆగి, ఆ పిల్ల వైపు చూశాను. ఇంకొంచెం కుడి పక్కకి అని చెయ్యి ఊపింది. జరిగాను. బావ ఎక్కడ నిలబడేవాడో ఆ చోటు నా ఎదురుగా ఉంది, మూరెడు దూరంలో. ఒడ్డుకి వీపు పెట్టి, ఆ చోటు వైపు మొహం పెట్టి నిలబడ్డాను. అల వచ్చి నడుం దాకా తడిపి పోయింది. కాళ్ల కింద ఇసక జారుతోంది. మడమలు దిగబడ్డాయి. కుచ్చిళ్లు వదిలేశాను.

చాలాసేపే అయి ఉంటుంది. వెనక పిల్లలు సంచులు సర్దుకుంటున్న చప్పుడు. ఆ పిల్ల నీళ్లలోకి నాలుగడుగులు వచ్చి పిలిచింది.

"అమ్మా, ఇంక రండి. నీళ్లు పెరుగుతున్నాయి. క్లాసైపోయింది."

"ఉండు తల్లీ," అన్నాను. "సార్ ఇంకా వదల్లేదు."